గిటార్ల హోరు తగ్గితే అభిమానులు ఎందుకు చీలిపోతారు? ఆర్కిటిక్ మంకీస్ రెండు ఆల్బమ్‌ల కథ

ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ కుర్రాళ్ళ బ్యాండ్ ఆర్కిటిక్ మంకీస్ 2018 మే 11న ‘ట్రాంక్విలిటీ బేస్ హోటల్ అండ్ కసీనో’ అనే ఆల్బమ్ విడుదల చేసింది. అంతకు ముందు ఆల్బమ్ ‘ఏఎమ్’ వచ్చి అప్పటికి నాలుగున్నరేళ్ళు దాటింది. ఇంతకాలం ఎదురుచూసిన అభిమానులు ఆల్బమ్ వినగానే రెండుగా చీలిపోయారు. ‘గిటార్లు ఏవి?’ అని కొందరు అడిగారు. ‘ఇది బ్యాండ్ ఆల్బమ్ కాదు, గాయకుడు అలెక్స్ టర్నర్ సోలో ఆల్బమ్’ అని ఇంకొందరు తేల్చేశారు. ఇన్నాళ్ళలో వాళ్ళు చేసిన గొప్ప పని ఇదేనని మొదటి రోజే నమ్మినవాళ్ళూ ఉన్నారు. 2022 అక్టోబర్‌లో మరింత నెమ్మదైన ‘ది కార్’ వచ్చినప్పుడు ఈ వాదన మళ్ళీ మొదలైంది.

హోరుకు పేరుపడ్డ బ్యాండ్ గొంతు తగ్గించిన ప్రతిసారీ ఇలాంటి గొడవ జరుగుతుంది. ఎవరి అభిప్రాయం సరైనదని వాదించుకునే ముందు, మొదటిసారి విన్నప్పుడు మనం దేన్ని దేనితో పోల్చి చూస్తున్నామో తెలుసుకోవాలి. చిక్కంతా అక్కడే ఉంది.

‘ఇండీ’ అంటే ఏమిటి?

ఇండీ అంటే మొదట్లో వ్యాపారానికి సంబంధించిన మాట. పెద్ద రికార్డు కంపెనీల చేతిలో లేకుండా, స్వతంత్రంగా నడిచే చిన్న కంపెనీల నుంచి వచ్చే సంగీతానికి ఆ పేరు పెట్టారు. బ్రిటన్‌లో 1980 నుంచి ఇలాంటి రికార్డులకు విడిగా ఒక చార్ట్ కూడా ఉండేది. కాలం గడిచేకొద్దీ అదే మాట ఒక ధోరణికి పేరైపోయింది. గిటార్లు, పెద్దగా మెరుగులు దిద్దని గొంతు, పక్కింటి కుర్రాడు మాట్లాడినట్టుండే సాహిత్యం ఉంటే చాలు, కంపెనీ ఏదైనా ‘ఇండీ’ అనడం మొదలైంది.

ఆర్కిటిక్ మంకీస్ ఈ రెండు అర్థాల్లోనూ ఇండీయే. వాళ్ళ రికార్డులు 1993లో మొదలైన డొమినో అనే స్వతంత్ర కంపెనీ నుంచి వస్తాయి. మొదటి ఆల్బమ్‌లలో శబ్దం కూడా అచ్చంగా గిటార్ ఇండీయే. తర్వాత శబ్దం మారింది, కంపెనీ మారలేదు. అందుకే ‘వీళ్ళు ఇంకా ఇండీ బ్యాండేనా?’ అన్న ప్రశ్నకు ఇద్దరు అభిమానులు వేర్వేరు జవాబులిచ్చినా, ఇద్దరిదీ తప్పనలేం.

‘నెమ్మది’ అన్నప్పుడు మనం నాలుగు సంగతులు కలిపేస్తాం

ఆల్బమ్ నెమ్మదిగా ఉందని అభిమాని అన్నప్పుడు అతని మనసులో ఉన్నది శబ్దం తగ్గడమే కావచ్చు. లయ వేగం తగ్గడం కావచ్చు. ఒకేసారి వినిపించే వాయిద్యాలు తగ్గి మధ్యలో ఖాళీ పెరగడం కావచ్చు. నాలుగోదాన్ని పట్టుకోవడం కష్టం: పాట ఎక్కడికి వెళుతోందో ముందే తెలిపే గుర్తులు తగ్గడం. అంటే మళ్ళీ మళ్ళీ వచ్చే కోరస్, చెవిలో పడగానే గుర్తుపట్టే రిఫ్ లాంటివి. రిఫ్ అంటే గిటార్ మీద పదే పదే వాయించే చిన్న స్వరాల వరుస. ‘ఏఎమ్’లోని ‘డు ఐ వాన్నా నో?’ పాట మొదట్లో వచ్చేది అలాంటిదే. ఒక్కసారి వింటే చాలు, మర్నాడు కూడా బుర్రలో తిరుగుతూ ఉంటుంది.

నా దృష్టిలో 2018 గొడవకు అసలు కారణం ఈ నాలుగోదే. ‘ఏఎమ్’ కూడా వేగమైన ఆల్బమేమీ కాదు. ‘డు ఐ వాన్నా నో?’ చాలా నింపాదిగా నడిచే పాట. కానీ అందులో రిఫ్ ఉంది, చప్పట్ల దరువు ఉంది, ఎదురుచూసిన చోట ఎదురుచూసినట్టే వచ్చే కోరస్ ఉంది. ‘ట్రాంక్విలిటీ బేస్’ మొదటి పాట ‘స్టార్ ట్రీట్‌మెంట్’ దాదాపు ఆరు నిమిషాలు నడుస్తుంది. ఓ లాంజ్‌లో పియానో దగ్గర కూర్చున్న మనిషి తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు సాగుతుంది. ఎక్కడ చెయ్యి ఊపాలో, ఎక్కడ గొంతు కలపాలో మొదటిసారి వినేవాడికి తెలియదు. ఆ అయోమయానికే మనం ‘బోర్’ అని పేరు పెట్టేస్తుంటాం.

మీటర్ పెట్టి కొలిస్తే?

శబ్దం నిజంగా తగ్గిందా అనేది కొలిచి చెప్పవచ్చు. పాట మొత్తం మీద చెవికి సగటున ఎంత బిగ్గరగా తోస్తుందో కొలిచే ప్రమాణం పేరు ఎల్‌యూఎఫ్‌ఎస్. ఇది మైనస్ అంకెల్లో ఉంటుంది, సున్నాకు దగ్గరయ్యేకొద్దీ హోరు ఎక్కువ. స్పాటిఫై మామూలు సెట్టింగులో పాటలన్నీ మైనస్ 14 దగ్గరికి వచ్చేలా సర్దుతుంది.

లెక్క కోసం రెండు పాటలు ఊహించుకుందాం. ఒకటి గట్టిగా మాస్టరింగ్ (విడుదలకు ముందు శబ్దానికి చేసే చివరి సర్దుబాటు) చేసిన రాక్ పాట, మైనస్ 8. రెండోది పియానో పాట, మైనస్ 14. సీడీలో ఈ రెండిటికీ 6 డెసిబెళ్ళ తేడా ఉంటుంది, రాక్ పాట స్పష్టంగా మీద పడుతుంది. ప్లేలిస్ట్‌లో కలిపి వింటే యాప్ రాక్ పాటను 6 డెసిబెళ్ళు తగ్గించి, పియానో పాటను ఉన్నదున్నట్టు వదిలేస్తుంది. రెండూ సగటున ఒకే మట్టానికి వస్తాయి. ఆల్బమ్‌ను మొదటి నుంచి చివరిదాకా వరసగా పెడితే మాత్రం సర్దుబాటు ఆల్బమ్ మొత్తానికి ఒకేసారి జరుగుతుంది కాబట్టి పాటకూ పాటకూ మధ్య ఉన్న హెచ్చుతగ్గులు అలాగే ఉంటాయి.

కాబట్టి స్ట్రీమింగ్‌లో వింటూ ‘ఈ ఆల్బమ్ నెమ్మది’ అంటున్న శ్రోతకు తోస్తున్నది చాలావరకు పాటల అల్లికలోని నెమ్మదే. వినే చోటు కూడా కొంత కారణమవుతుంది. వాల్యూమ్ తగ్గేకొద్దీ మంద్ర శబ్దాలు, బాగా తారస్థాయి శబ్దాలు మన చెవికి మిగతావాటికంటే ఎక్కువగా తగ్గిపోయినట్టు వినిపిస్తాయి. అమెరికాలో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు పరిశోధకులు 1933లోనే దీన్ని కొలిచి గీతలు గీశారు. రిఫ్ మీద నిలబడ్డ పాట బస్సు చప్పుడులో, ఫోన్ స్పీకర్‌లో కూడా బతికి బట్టకడుతుంది. బేస్ గిటార్ నడక మీద, వయొలిన్ల చివరి అంచుల మీద నిలబడ్డ పాటలో సగం ఆ చప్పుడులోనే కలిసిపోతుంది. 2015 జులై నుంచి చాలా దేశాల్లో కొత్త ఆల్బమ్‌లు శుక్రవారం విడుదలవుతున్నాయి. అర్ధరాత్రి నిద్రమత్తులో ఫోన్‌లోనో, మర్నాడు ఆఫీసుకు పోయే దారిలోనో మొదటిసారి విన్నవాళ్ళు చెప్పిన మాటల్లో ఆ పరిస్థితుల పాలు కూడా ఉంటుంది.

చెవికి ముందే ఏం అలవాటైంది

2006 జనవరిలో వచ్చిన వాళ్ళ తొలి ఆల్బమ్ బ్రిటన్‌లో మొదటి వారంలోనే 3,63,735 కాపీలు అమ్ముడుపోయింది. అప్పటికి ఆ దేశంలో ఏ బ్యాండ్ తొలి ఆల్బమూ అంత వేగంగా అమ్ముడుపోలేదు. శనివారం రాత్రి క్లబ్బులు, టాక్సీల కోసం క్యూలు, తలుపు దగ్గర బౌన్సర్లతో పేచీలు, అన్నీ పరుగులు పెట్టే గిటార్ల మీద ఊపిరి తిప్పుకోకుండా చెప్పుకుపోయారు. ఆ ఏడాది బ్రిటన్‌లో ఉత్తమ ఆల్బమ్‌కు ఇచ్చే మెర్క్యురీ బహుమతి కూడా దానికే దక్కింది.

2009లో ‘హంబగ్’ వచ్చింది. అమెరికన్ రాక్ సంగీతకారుడు జాష్ హోమ్ సహ నిర్మాతగా, కొంత భాగం కాలిఫోర్నియా ఎడారిలో రికార్డ్ చేశారు. వేగం తగ్గింది, నీడలు పెరిగాయి. అప్పుడు కూడా పాత దూకుడు పోయిందని అభిమానులు నొచ్చుకున్నారు. ఈరోజు అదే ‘హంబగ్’ను చాలామంది తమకు అన్నిటికంటే ఇష్టమైన ఆల్బమ్‌గా చెప్పుకుంటారు. 2013 సెప్టెంబర్‌లో ‘ఏఎమ్’ వచ్చాక కథే మారింది. బరువైన రాక్ రిఫ్‌ల కింద హిప్‌హాప్ దరువులు, పైన సన్నటి ఫాల్సెట్టో గొంతులు చేరాయి. ఫాల్సెట్టో అంటే మగ గాయకుడు తన మామూలు స్థాయి దాటి పీలగా పలికించే గొంతు. అమెరికాలో కొత్త తరం టీనేజర్లు ఈ ఆల్బమ్‌తోనే బ్యాండ్‌ను తెలుసుకున్నారు.

నెమ్మదితనం 2018లో ఆకాశం నుంచి ఊడిపడలేదు కూడా. టర్నర్ తన మిత్రుడు మైల్స్ కేన్‌తో కలిసి ‘ది లాస్ట్ షాడో పపెట్స్’ పేరుతో 2008లోనే వయొలిన్లు దట్టంగా పరిచిన ఆల్బమ్ చేశాడు. 2011లో ఒక సినిమా కోసం ఒంటరిగా మెత్తటి పాటలు పాడాడు. ఈ దారంతా వెంట నడిచినవాళ్ళకు 2018 ఒక మలుపు మాత్రమే. ‘ఏఎమ్’ ఒక్కటే తెలిసినవాళ్ళకు తలుపు ముఖం మీద వేసినట్టనిపించింది.

పియానో వచ్చాక

టర్నర్‌కు ముప్ఫయ్యో పుట్టినరోజుకు మేనేజర్ ఒక స్టైన్‌వే పియానో బహుమతిగా ఇచ్చాడు. లాస్ ఏంజెలెస్‌లో ఇంట్లో దాని ముందు కూర్చుని పాటలు కట్టడం మొదలుపెట్టాడు. గిటార్ పట్టుకుని కట్టిన పాట చేతివేళ్ళకు అలవాటైన రిఫ్‌ల వైపు పోతుంది. పియానో మీద కట్టిన పాట స్వర సంపుటాలు (కార్డ్‌లు) మెల్లగా రంగు మార్చుకునే దారి పడుతుంది. సాధనం మారితే పాట ఎముకలే మారతాయి. బ్యాండ్ గిటారిస్ట్ జేమీ కుక్ ఆ డెమోలు (నమూనా రికార్డింగ్‌లు) విని ఇష్టపడ్డాక అది బ్యాండ్ ఆల్బమ్‌గా రూపు కట్టింది. ‘సోలో ఆల్బమ్’ అన్న అభిమానుల అనుమానం పూర్తిగా గాలిలోంచి రాలేదు, కానీ దాన్ని బ్యాండ్ ఆల్బమ్‌గా నిలబెట్టినవాళ్ళలో గిటార్ వాయించే మనిషే ఉన్నాడు.

అపోలో 11 చంద్రుడి మీద దిగిన చోటి పేరు ట్రాంక్విలిటీ బేస్. ఆల్బమ్ ఊహలో ఆ చోట ఒక విలాసవంతమైన హోటల్, అందులో ఒక మెక్సికన్ తిండి దుకాణం, దానికి వచ్చిన రివ్యూలు. ‘ఫోర్ అవుట్ ఆఫ్ ఫైవ్’ పాట పేరు ఆ రివ్యూలో వచ్చిన మార్కులే. ఇదంతా మాటల్లో ఉన్న ఆట. మాటలు పట్టుకోవడానికి సమయం పడుతుంది, అందులోనూ పాట చెయ్యి పట్టుకుని నడిపించనప్పుడు.

పైగా ఆల్బమ్‌కు ముందు ఒక్క సింగిల్ (ఆల్బమ్‌లోంచి విడిగా విడుదల చేసే పాట) కూడా వదల్లేదు. సింగిల్ ముందు వస్తే అభిమాని చెవి ఆ వైపు కొంత తిరిగి ఉంటుంది. ఇక్కడ మార్పంతా ఒకే రోజు ఎదురైంది.

ముగ్గురు శ్రోతలు, ఒక్క ఆల్బమ్

ఇది నిజంగా ఎలా పనిచేస్తుందో చూడటానికి ముగ్గురిని ఊహించుకుందాం. మొదటి మనిషి 2006లో ఇరవయ్యేళ్ళ వయసులో ఈ బ్యాండ్‌ను ప్రేమించాడు. 2018కి అతనికి ముప్ఫై రెండు. పాటల్లోని శనివారం రాత్రులు అతని జీవితంలోనూ తగ్గాయి. గాయకుడికీ ఇంచుమించు అదే వయసు. ఈ ఆల్బమ్ తనతోపాటు పెద్దదైందని అతనికి అనిపించవచ్చు, లేదా తన యవ్వనాన్ని ఎవరో పట్టుకుపోయారనీ అనిపించవచ్చు. రెండో అమ్మాయి 2013లో పదహారేళ్ళకు ‘ఏఎమ్’ విని పెరిగింది. ఆమెకు బ్యాండ్ అంటేనే ఆ శబ్దం. నాలుగున్నరేళ్ళలో ఆ ఆల్బమ్‌ను వందలసార్లు విని ఉంటుంది. కొత్తది ఎంత బాగున్నా, ఒక్కసారి విన్నదాన్ని వందలసార్లు విన్నదానితో పోలిస్తే న్యాయం జరగదు. మూడో మనిషి ఈ బ్యాండ్‌ను ఎన్నడూ వినలేదు, 1970ల నాటి పియానో పాటలంటే ఇష్టం. అతను ఏ ఫిర్యాదూ లేకుండా ‘భలే ఉంది’ అంటాడు, ఎందుకంటే పోల్చడానికి అతని దగ్గర ఏమీ లేదు.

ముగ్గురూ విన్న ధ్వని ఒక్కటే. మొదటి అభిప్రాయం ఆల్బమ్‌కూ ఆశించినదానికీ మధ్య ఉన్న దూరాన్ని కొలుస్తుంది. ఆ దూరం నిజమైనదే. అభిమాని అబద్ధం చెప్పడం లేదు. కాకపోతే ఆల్బమ్ విలువకు దాన్నే కొలబద్ద చేసుకోలేం.

‘వినగా వినగా నచ్చుతుంది’ అన్న మాటలో ఎంత నిజముంది?

తెలుగు శ్రోతలకు ఈ మాట కొత్తేమీ కాదు. రెహమాన్ ఆడియో వచ్చిన రోజు ‘ఈసారి తేలిపోయింది’ అని, నెల తిరక్కుండానే ‘స్లో పాయిజన్’ అని మెచ్చుకున్నవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. దీని వెనక పరిశోధన కూడా ఉంది. రాబర్ట్ జయాంక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1968లో ఒక పరిశోధనా పత్రం ప్రచురించాడు. అర్థం తెలియని గుర్తులైనా, మాటలైనా పదే పదే కంటపడితే చాలు, వాటి మీద ఇష్టం పెరుగుతుందని అందులో చూపించాడు. డేనియల్ బెర్లైన్ అనే మరో శాస్త్రవేత్త దీనికి ఇంకో మెలిక జోడించాడు. మరీ సులువైనది త్వరగా విసుగు పుట్టిస్తుంది, మరీ సంక్లిష్టమైనది దూరం నెడుతుంది, మధ్యలో ఉన్నది నచ్చుతుంది. వినేకొద్దీ సంక్లిష్టమైనది మధ్యకు జరుగుతుంది. ఈ లెక్కన కోరస్ లేని పాటలు ఆలస్యంగా నచ్చడం సహజమే.

అయితే ఈ వాదనకు హద్దులున్నాయి, ఆల్బమ్‌ను సమర్థించేవాళ్ళు వీటిని తరచూ దాటేస్తారు. మొదట్లోనే అయిష్టం కలిగించినది మళ్ళీ మళ్ళీ ఎదురైతే అయిష్టమే పెరగవచ్చని తర్వాతి ప్రయోగాలు చూపించాయి. పరిచయం వల్ల వచ్చే ఇష్టం అన్నిటికీ వస్తుంది, టీవీ ప్రకటన రాగాలకు కూడా. కాబట్టి ‘పదిసార్లు విన్నాక నచ్చింది’ అన్నంత మాత్రాన ఆల్బమ్ గొప్పదని తేలిపోదు.

ఇంకో తేడా కూడా చూడాలి. సినిమా పాట మనం వద్దన్నా ఆటోలో, పెళ్ళి పందిట్లో, టీవీలో వినిపిస్తూనే ఉంటుంది. పైగా తెరమీద దృశ్యం దానికి తోడవుతుంది. ఇండీ బ్యాండ్ నెమ్మది ఆల్బమ్‌కు ఆ తోడు లేదు. రెండోసారి వినాలంటే శ్రోతే పూనుకోవాలి. సీడీ డబ్బు పెట్టి కొన్న రోజుల్లో, నచ్చకపోయినా డబ్బుల కోసమైనా మరో నాలుగుసార్లు వినేవాళ్ళు. ఇప్పుడు వేలు కదిపితే చాలు, ఇంకో ఆల్బమ్. మొదటి అభిప్రాయమే చివరి అభిప్రాయమైపోయే అవకాశం ఎన్నడూ లేనంత పెరిగింది.

నచ్చలేదన్నవాళ్ళ వాదన

వీళ్ళను ‘మార్పు తట్టుకోలేనివాళ్ళు’ అని కొట్టిపారేయడం నాకు న్యాయంగా తోచదు. వాళ్ళ మాటల్లో గట్టి విమర్శ ఉంది. బ్యాండ్ డ్రమ్మర్ మాట్ హెల్డర్స్ ఈ తరం రాక్ డ్రమ్మర్లలో పేరున్న మనిషి. అంతటివాడిని చాలాసేపు బ్రష్ చప్పుళ్ళకు, మెత్తటి దరువులకు పరిమితం చేస్తే నలుగురి బలంతో నడిచే బ్యాండ్‌లో ముగ్గురు వెనక్కి తగ్గినట్టే కదా అని వాళ్ళు అడుగుతారు. మాటలు పదునుగా ఉన్నాయి సరే, అవి కాగితం మీద చదువుకుంటే సరిపోదా, రాగం గుర్తుండనక్కర్లేదా అని అడుగుతారు. ఇవి పాటల పనితనం మీద ప్రశ్నలు. పదిసార్లు వినమని చెప్పడం వీటికి జవాబు కాదు.

అవతలి పక్షం జవాబు ఇంకోలా ఉంటుంది. ‘ఏఎమ్’లాంటిదే మరొకటి చేసి ఉంటే మొదటి రోజు అందరూ సంతోషించేవాళ్ళు, ఏడాదికి పాతదానికే తిరిగి వెళ్ళేవాళ్ళు అంటారు. హెల్డర్స్ వెనక్కి తగ్గి వాయించడం కూడా వాయించడమేనని, పాటకు చోటివ్వడం ఒక నైపుణ్యమని వాదిస్తారు. నేను ఈ పక్షానికే కొంచెం దగ్గర. అయినా రాగం గుర్తుండదన్న విమర్శ ఆల్బమ్ రెండో సగంలో కొన్ని పాటలకు నిజంగానే వర్తిస్తుంది.

అమ్మకాల అంకెలతో ఈ తగువు తీరదు. ‘ట్రాంక్విలిటీ బేస్’ బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది. మొదటి వారంలోనే సుమారు 24,500 వినైల్ రికార్డులు అమ్ముడుపోయాయి, పాతికేళ్ళలో అక్కడ ఏ వినైలూ అంత వేగంగా పోలేదు. కానీ మొదటి వారం కొన్నవాళ్ళు వినకముందే కొన్నారు. అది ‘ఏఎమ్’ సంపాదించిన నమ్మకం.

2022లో షాక్ ఎందుకు తగ్గింది

‘ది కార్’ 2022 అక్టోబర్ 21న వచ్చింది. అదే రోజు టేలర్ స్విఫ్ట్ ‘మిడ్‌నైట్స్’ కూడా రావడంతో, అంతకు ముందు ఆరు ఆల్బమ్‌లతో వరసగా నంబర్ వన్ కొట్టిన బ్యాండ్ బ్రిటన్‌లో రెండో స్థానంలో ఆగింది. ఆల్బమ్ నిడివి నలభై నిమిషాల లోపే. అంతటా వయొలిన్లు, పాత సినిమా సంగీతపు ఛాయలు. శబ్దం లెక్కన చూస్తే ఇది ముందుదానికంటే ఇంకా మెత్తన. అయినా ఈసారి కోపం తక్కువ.

నాకు రెండు కారణాలు కనిపిస్తున్నాయి. మొదటిది, అభిమానులు ఆశించేదే అప్పటికి మారిపోయింది. ఈసారి పోలిక నాలుగేళ్ళుగా వింటూ వచ్చిన ‘ట్రాంక్విలిటీ బేస్’తో. రెండోది, ‘దెర్‌డ్ బెటర్ బి ఎ మిర్రర్‌బాల్’ ఆగస్టు చివర్లోనే సింగిల్‌గా వచ్చింది. గొంతు వినబడే ముందు కాసేపు వాయిద్యాలే నడిచే ఆ పాట, రాబోయేది ఏమిటో దాచకుండా చెప్పేసింది. తర్వాత వచ్చిన ‘బాడీ పెయింట్’ మరో మెట్టు. సన్నటి ఫాల్సెట్టోతో మెల్లగా మొదలై, చివరికి గిటార్ తలెత్తుతుంది. మొదటి ముప్ఫై సెకన్లు విని వదిలేసిన శ్రోతకు ఆ గిటార్ ఉందనే తెలియదు. 2023 కచేరీల్లో ఆ చివరి గిటార్ భాగాన్ని ఇంకా పొడిగించి వాయించారు. రికార్డులో అణచిపెట్టిన హోరు వేదిక మీద బయటపడటంతో, ‘గిటార్లు ఏవి?’ అన్నవాళ్ళలో కొందరికి ఆ పాట మళ్ళీ వినాలనిపించింది.

ఈలోపు వేరే వైపు నుంచి ఇంకో సంగతి జరిగింది. ‘ఏఎమ్’ చివర్లో ‘ఐ వాన్నా బి యువర్స్’ అనే మెత్తటి పాట ఉంది. కవి జాన్ కూపర్ క్లార్క్ రాసిన పద్యాన్ని పాటగా మలిచారు. 2013లో అది సింగిల్ కాదు, పెద్ద రిఫ్‌ల మధ్య దాన్ని పట్టించుకున్నవాళ్ళు తక్కువ. ఏళ్ళ తర్వాత చిన్న వీడియోల ద్వారా కొత్త పిల్లలకు చేరి, స్పాటిఫైలో 200 కోట్ల ప్లేలు దాటి, బ్యాండ్ పాటలన్నిటిలో ఎక్కువగా విన్నదిగా నిలిచింది. దాని ద్వారా ఈ బ్యాండ్ దగ్గరికి వచ్చినవాళ్ళకు మొదటి పరిచయమే నెమ్మది పాటతో అయింది. వాళ్ళలో ఎవరైనా వెనక్కి వెళ్ళి 2006 ఆల్బమ్ పెట్టుకుంటే, ఉలిక్కిపడేది ఆ గిటార్ల హోరుకే.